మిద్దె మీది దావత్

నా చిన్నప్పుడు, సౌదీలో వరద వస్తుందని చెప్పిన మనిషిని మా బిల్డింగంతా కలిసి నవ్వులపాలు చేసింది. ఆమె మా పక్కింటి ఖాలమ్మ. కడపలో టీచరుగా చేసి, పెళ్ళయ్యాక మేముండే ఖమీస్ ముషైత్ ఊరికి వచ్చింది. మేము కరీంనగర్ వాళ్ళం. మా నాన్న ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. మా రెండు వాటాలూ కింది అంతస్తులోనే. ఎదురుగా వాది, అంటే కొండల్లో వాన పడ్డప్పుడు మాత్రమే పారే వాగు. మిగతా రోజుల్లో పిల్లలం అందులో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం, పెద్దవాళ్ళు కార్లు పెట్టేవాళ్ళు. కింది వాటాలకు కిరాయి ఎందుకు తక్కువో ఎవరూ అడగలేదు.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో వార్తల కోసం ఇంటింటికీ ఒక రేడియో వచ్చింది. యుద్ధం అయిపోయాక అందరూ మళ్ళీ పాటల్లో పడ్డారు. ఖాలమ్మ మాత్రం అరబిక్ వార్తలు, చివర్లో వచ్చే వాతావరణంతో సహా వినేది. ఒక రోజు కొండల్లో పెద్ద వాన ఉందని, వాదుల పక్కన ఉండేవాళ్ళు జాగ్రత్తపడాలని విని, ప్రతి తలుపూ కొట్టింది. ఆడవాళ్ళంతా బియ్యం సంచులూ పరుపులూ మోసుకుని మిద్దె ఎక్కారు. నాలుగు చినుకులు పడ్డాయి. అంతే.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన మగవాళ్ళు నవ్విన నవ్వు నాకింకా వినబడుతుంది. "ఎడారిల వరదనట! రేపు సముద్రాన్ని గూడ పిలుస్తదేమో" అన్నాడు మా నాన్న.

ఖాలమ్మ ఊరుకునే మనిషి కాదు. "అన్నా, యుద్ధంలో మీరు కిటికీలన్నిటికీ టేపులు అంటిస్తిరి. మన ఊరి మీద ఒక్క బాంబన్నా పడెనా? అప్పుడు నేను నవ్వితినా?"

జవాబు లేని మగవాడు ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు, ఇంట్లోకొచ్చి పెళ్ళాం మీద విరుచుకుపడతాడు. ఇంకోసారి ఆమె మాట విని సామాన్లు మోస్తే బాగుండదని నాన్న అమ్మను గట్టిగా హెచ్చరించాడు. బాంబుకు భయపడితే ముందుజాగ్రత్త, వానకు భయపడితే పిచ్చి. భయంలో కూడా మగ భయం గొప్పది, ఆడ భయం లోకువది అని నాకు మొదట తెలిసింది అప్పుడే.

కొన్ని వారాలకు రేడియో మళ్ళీ అదే మాట చెప్పింది. మా వీధిలో ఫెళ్ళున ఎండ. కొండల వైపు మాత్రం నల్లగా ఉంది. నాన్న పని మీద పొద్దున్నే పక్క ఊరు అబహా వెళ్ళాడు. మా తమ్ముడు అప్పుడప్పుడే పాకుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఒకసారి కొండలను, ఒకసారి వాణ్ణి చూస్తోంది. పైకి వెళ్తే మొగుడితో తగువు. వెళ్ళకపోతే, రేడియో మాట నిజమైతే, పిల్లాడి ప్రాణం. వరద అంటే ఇక ఎవరూ కదలరని ఖాలమ్మకూ తెలుసు. పరువు కాపాడుకోవాలంటే నోరు మూసుకుని కూర్చోవడమే మంచిది. నూటికి తొంభైమంది అదే చేసేవాళ్ళు.

ఆమె మళ్ళీ తలుపులు కొట్టింది. ఈసారి వరద అనలేదు, దావత్ అంది. చిన్న కొడుక్కి బిస్మిల్లా అట. అంటే పిల్లలకు చదువు మొదలుపెట్టే వేడుక. వంట, విందు మిద్దె మీదే. ఎవరి గ్యాస్ సిలిండరు, ఎవరి బియ్యం, ఎవరి చాపలు వాళ్ళే తెచ్చుకోవాలి. పసిపిల్లల పాలడబ్బాలు, మంచి బట్టలున్న సూట్‌కేసులు మరిచిపోకూడదు.

"దావత్‌కు సూట్‌కేసులెందుకు ఖాలా?" అని చివరి వాటాలోని హైదరాబాద్ అక్క కిసుక్కుమంది.

"బిర్యానీ మీద పోసుకుంటే మార్చుకోవద్దా? తే, తే!"

ఆ పిల్లాడి బిస్మిల్లా పోయిన ఏడాదే అయిపోయింది. మిఠాయి మేమూ తిన్నాం. ఆ మాటే అనబోతే అమ్మ నాకు తొడపాశం పెట్టింది. నాన్న వరదకు భయపడి సామాన్లు మోయొద్దన్నాడు గానీ, దావత్‌కు పోవద్దని అనలేదు కదా. అమ్మ చకచకా మూటలు కట్టింది.

బిర్యానీ దమ్ మీద ఉండగా వచ్చాయి నీళ్ళు. ఎండలోనే వచ్చాయి. ముందు తడిమట్టి వాసన. తర్వాత లారీలన్నీ ఒక్కసారి కదిలినట్టు చప్పుడు. ఆ వెనకే టైర్లనూ డ్రమ్ములనూ తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు. చూస్తుండగానే మా కిటికీ దాకా ఎక్కాయి. తమ్ముడు పడుకునే పరుపు గుమ్మంలోంచి తేలుతూ బయటికి రావడం పైనుంచి చూశాం. అమ్మ వాణ్ణి ఎంత గట్టిగా అదుముకుందంటే వాడు ఊపిరాడక ఏడ్చాడు.

సాయంత్రానికి అవతలి గట్టున నాన్న కనబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మునిగిన మా కిటికీనే చూస్తున్నాడు. తలెత్తి పైకి చూడాలని ఆయనకు తోచలేదు. జన్మలో మొగుడి పేరు పలకని మా అమ్మ, మిద్దె అంచున నిలబడి ఆయన్ను పేరు పెట్టి కేకేసింది.

నీళ్ళు తీశాక మగవాళ్ళంతా పైకొచ్చి అదే బిర్యానీకి కూర్చున్నారు. నాన్న తల వంచుకుని, "నీ జోస్యం నిజమైంది అక్కా" అన్నాడు. పొగడ్తే. ఇంకొకరైతే పొంగిపోయేవాళ్ళు.

"జోస్యమెట్లయితాది అన్నా? రేడియో చెప్పె, నేను వింటి. పోయినసారి కూడా నేను చెప్పింది కరెక్టే. ఆ పొద్దు వాన వేరే కొండ మీద పడె, అంతే. మెచ్చుకునేది ఉంటే ఆ పొద్దుది కూడా కలిపి మెచ్చుకో."

గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న పళ్ళెం ముందుకు జరిపి, "రెండు సార్లదీ అక్కా" అన్నాడు. అప్పుడు వడ్డించింది.

వరద తప్పించుకున్న సంగతి కన్నా నాకు ఆ మాటే ఎక్కువ మిగిలింది. నీళ్ళు రావడం, రాకపోవడం వాన ఇష్టం. వినడం, చెప్పడం, సర్దుకోవడం మన పని. నీళ్ళు రాలేదని ఆ పని తప్పయిపోదు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కనే నాలా ఉంది. మొన్న భారీ వర్షమని హెచ్చరిక వస్తే, సెల్లార్‌లో కార్లు తీసేయమని ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగాను. చుక్క పడలేదు. వాట్సాప్ గ్రూపు నిండా నవ్వే బొమ్మలు. ఎదురు ఫ్లాటాయన మర్నాడు మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని నా ముందు నుంచే నడిచిపోయాడు. పోనివ్వండి. ఇంకోసారి హెచ్చరిక వస్తే ఇంకోసారి బెల్లు కొడతాను, ఆయన బెల్లే ముందు కొడతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేం అడ్డుకోను. నవ్వుతూనే కార్లు బయటికి తీయండి.