లోపల వదిలిన గుడ్డ

మా ఖాలా పోయిందని సనా ఫోన్ చేసినప్పుడు నేను గ్రౌండ్‌లో సున్నంతో గీతలు వేస్తున్నాను. "టీచర్, ఖాలా..." అని ఆగిపోయింది ఆ పిల్ల. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. కొన్నాళ్ళుగా ఆస్పత్రిలోనే ఉంది కదా మనిషి. ఫోన్ జేబులో పెట్టుకుని, సగంలో ఉన్న పెనాల్టీ బాక్స్ గీత పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలియదు. సగం కుట్టు మీద మిషన్ ఆపితే ఆమెకు చిరాకు. అది గుర్తొచ్చిందేమో.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. మాదన్నపేటలో మా గల్లీ చివరి ఇంట్లో, కిటికీ పక్కన మిషన్ వేసుకుని బట్టలు కుట్టేది. ఖాలా అంటే పిన్ని. గల్లీలో తెలుగు ఇళ్ళవాళ్ళకూ ఉర్దూ ఇళ్ళవాళ్ళకూ ఆమె ఖాలాయే, ఆఖరికి ఆమెకంటే పెద్దవాళ్ళకు కూడా. నన్ను మాత్రం టీచరమ్మా అనేది. నేను ఆడపిల్లల సర్కారు బడిలో ఆటల టీచర్ని. ఈ ఉద్యోగంలో మోకాళ్ళు అరిగాయి, వాటికంటే ముందే ఓపిక అరిగింది. కాబట్టి ఆమెను ఆకాశానికి ఎత్తేలా రాయలేను. అంత ఓపిక నాకు లేదు, అంత పొగడ్త ఆమెకు పడదు.

ఖాలా కుట్టులో ఒక పద్ధతి ఉండేది. ఎదిగే పిల్లకు ఏది కుట్టినా పక్క కుట్లలోనూ కింది మడతలోనూ బోలెడు గుడ్డ లోపలికి దాచేది. పిల్ల పొడుగైతే కుట్టు విప్పి, ఆ గుడ్డను బయటికి తీసేది. మా బడి యూనిఫాం స్కర్టులు చూస్తే ఆ సంగతి తెలిసిపోయేది. పైనంతా వెలిసిపోయిన నీలం, కింద మాత్రం కొత్త నీలం పట్టీ. కొందరికి ఆ పట్టీ కింద ఇంకో పట్టీ. ప్రార్థన వేళ వరసలు సరిచేస్తూ, ఆ పట్టీలను బట్టి ఏ పిల్ల ఎంత ఎదిగిందో చెప్పగలిగేదాన్ని.

"ఎదిగే పోరికి బిగుతుగ కుడితే పాపం తాకుతది టీచరమ్మా" అనేది. అదీ పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకునే. సూదులున్నా మాట ఆగేది కాదు. ఎక్కడ మింగేస్తుందోనని మొదట్లో నాకు గుండె దడ.

ఫుట్‌బాల్ గురించి ఆమెకు ఏమీ తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. సాయంత్రాలు టీ గ్లాసు పట్టుకుని వచ్చి గ్రౌండ్ గోడ పక్కన కూర్చునేది. అందరూ బంతి ఎటు పోతే అటు చూస్తుంటే, ఆమె పిల్లల చంకల కింద కుట్లు చూసేది. "ఆ మూల మీది పిల్లది పిగులుతున్నది, జర ఆపు టీచరమ్మా!" అని ఆట మధ్యలో కేకేసేది. మాది బస్తీ గ్రౌండ్. ఆదివారం అక్కడ పెళ్ళి షామియానాలు వేస్తారు, సోమవారానికి మేకులు మాకు వదిలేసి పోతారు. ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరూ వంగి మేకులు ఏరాలి. ఖాలా కూడా నడుం పట్టుకుని ఏరేది. ఏరుతూ ఆ పెళ్ళివాళ్ళను ఉర్దూలో తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

నిరుడు మా పిల్లలు రాష్ట్రంలో గెలిచారు. ఆ గెలుపు మీద, బెంగళూరులో జరిగే అంతర్జాతీయ బాలికల ఫుట్‌బాల్ టోర్నమెంట్‌కు పిలుపొచ్చింది. నేపాల్, భూటాన్, కెన్యా, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జట్లు వస్తాయన్నారు. సంతోషపడాలి కదా. నాకు ముందుగా వచ్చింది తలనొప్పి. ఇంటింటికీ తిరగాలి, మీ పిల్లను పంపండి అని బతిమాలాలి, ప్రతి ఇంట్లో ఒక టీ తాగాలి, ప్రతి ఇంట్లో అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పాలి.

అన్నిటికంటే కష్టం సనా వాళ్ళ నాన్న. సనా మా గోల్‌కీపర్. ఆయనకు మాదన్నపేట మండీలో ఉల్లిగడ్డల దుకాణం ఉంది. చెడ్డవాడు కాదు. బిడ్డంటే ప్రాణం, అందుకే భయం. "పరాయి ఊర్ల, గంతమంది ముంగట తల మీది గుడ్డ జారిందనుకో టీచర్. నేను గల్లీల ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?" అన్నాడు.  పక్కనే ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న ఖాలా తల ఎత్తకుండానే అంది.

"నేను పోత పిల్లల ఎంబడి. జారకుండ కుట్టే జిమ్మా నాది. నువ్వు ఫికర్ నక్కో కర్, రంది పడకు."

ఆయన త్రాసు వైపు చూసి, ఖాలా వైపు చూసి, "ఖాలా పోతున్నదంటే సరే" అన్నాడు. ఆ ఒక్క మాట మండీ దాటి ఇల్లిల్లూ తిరిగొచ్చింది. నేను రోజుల తరబడి కాళ్ళు అరిగేలా తిరిగినా పంపనన్నవాళ్ళు, "ఖాలా వస్తదట గదా, మా పిల్ల కూడ వస్తది" అని వాళ్ళే వచ్చి చెప్పారు. నాకు కాస్త ఒళ్ళు మండింది కూడా.

దుకాణాల్లో దొరికే జెర్సీలు పొట్టి చేతులవి, పలుచనివి. అందుకని పత్తర్‌గట్టిలో గుడ్డ కొని ఖాలాకు ఇచ్చాం. జట్టుకు నీలం, గోల్‌కీపర్‌కు చిలకాకుపచ్చ. నిండు చేతులు పెట్టి వదులుగా కుట్టింది. లోపల గుడ్డ వదిలిందని వేరే చెప్పాలా? సనా జెర్సీకి మాత్రం ఒక కొత్త తెలివి చూపించింది. తలగుడ్డను మెడ చుట్టూ జెర్సీకే కలిపి కుట్టేసింది. "ఇగ దూకనీ, పొర్లనీ. ఎట్ల జారుతదో నేనూ చూస్త" అంది. సనా నాన్న రెండు చేతులతో గుంజి చూసి, ఊడలేదని తృప్తిగా నవ్వాడు. నాకూ భలే ఉందనిపించింది.

కాచిగూడ స్టేషన్‌కు ఖాలా తన ఈద్ కుర్తా వేసుకుని వచ్చింది. ఆకుపచ్చ మీద చిన్న చిన్న తెల్లపూలు. ఆమె తనకోసం కుట్టుకున్నవాటిలో మంచిది అదొక్కటే. సనా నాన్న మా అందరికీ అరటిపండ్లు కొనిచ్చి, "ఖాలా, బిడ్డ నీ చేతుల ఉన్నది" అని రైలు కదిలేదాకా కిటికీ చువ్వ వదల్లేదు.

బెంగళూరు గ్రౌండ్ అంతా గడ్డి. పచ్చగా, చాప పరిచినట్టు ఉంది. మా పిల్లలు లోపలికి పోగానే వరసగా వంగి మేకుల కోసం వెతకడం మొదలుపెట్టారు. అవతలి జట్టు పిల్లలు ఇదేదో మా దేశపు పూజ అనుకున్నారో ఏమో, మర్యాదగా నిలబడి చూశారు.

మొదటి ఆటకు ముందు రిఫరీ అందరి బట్టలూ బూట్లూ పరీక్ష చేసింది. చిన్న వయసు అమ్మాయే. సనా దగ్గర ఆగింది. తలగుడ్డ ఉండొచ్చు, కానీ జెర్సీకి అతికి ఉండకూడదు, ఎవరైనా లాగితే మెడకు బిగుసుకుంటుంది, ఇలా అయితే ఆడనివ్వలేను అని నెమ్మదిగానే చెప్పింది. గుడ్డ తీసేసి ఆడతావా అని సనాను అడిగింది. సనా తల అడ్డంగా ఊపింది. అబ్బాకు మాటిచ్చి వచ్చింది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ బయట పడనివ్వడం లేదు.

"ఏందట లొల్లి?" అంటూ ఖాలా వచ్చింది. చెప్పాను. మొదట ఆమె కోపంగా చూసింది. తర్వాత సనా వెనక్కి పోయి తలగుడ్డను తానే ఒక్క గుంజు గుంజింది. మెడ దగ్గర బిగిసి సనా దగ్గింది. ఖాలా ముఖం వాడిపోయింది.

"నిజమే చెప్పింది ఆ పోరి. మెడకు పడ్తది. తప్పు నాదే. బ్లేడియ్యి టీచరమ్మా."

అక్కడే మెట్ల మీద కూర్చుని, సనాకు తన దుపట్టా కప్పి, జెర్సీ ఒళ్ళో వేసుకుంది. తలగుడ్డ విడదీయడం తేలికే. విడదీశాక మెడ అంచు నోరు తెరుచుకుని ఉంది, తలగుడ్డ కిందంతా పీచులు లేచాయి. రెండింటికీ పట్టీ వేయాలి. అదే రంగు గుడ్డ ఎక్కడుంది? ఖాలా జెర్సీని తిరగేసి, పక్క కుట్ల లోపల దాచిన గుడ్డ మీద చెయ్యి పెట్టింది. అంతవరకు గబగబా కదిలిన చెయ్యి అక్కడ ఆగింది.

"ఇది వచ్చే ఏటి గుడ్డ టీచరమ్మా. ఇది కోస్తె ఇగ పెంచనీకి రాదు."

"మరి ఎట్ల ఖాలా?"

"ఎట్లేంది? ఆట ఇయ్యాలనే ఉన్నది" అని రెండు పక్కలా కోసేసింది.

ఆ పట్టీలతో మెడకు అంచు కుట్టింది, తలగుడ్డకు గడ్డం కింద నుంచి పోయే బందు కుట్టింది. చేతి కుట్టు మిషన్ కుట్టులా పడింది. రిఫరీ వచ్చి లాగి చూసి బొటనవేలు పైకెత్తింది. సనా గోల్ ముందుకు పరుగెత్తింది.

ఓడిపోయామండీ. బాగా ఓడిపోయాం. అవతలి పిల్లలు మా వాళ్ళకంటే తలెత్తు పొడుగున్నారు. సనా దూకింది, పొర్లింది, కొన్ని ఆపింది, చాలా వదిలింది. ఏడుస్తూ వచ్చి ఖాలా పక్కన కూలబడింది.

"గెలిచినమా?" అంది ఖాలా.

"లేదు ఖాలా. మస్తు గోల్స్ పడ్డయి."

"గుడ్డ జారిందా?"

"లేదు."

"నిన్ను ఆడనిచ్చిన్రు గదా?"

"ఆడనిచ్చిన్రు."

"మరి ఏడుపెందుకే? మొఖం కడుక్కో, పో."

ఆ తర్వాతి ఆటల్లోనూ మేం గెలవలేదు. తిరిగి వచ్చాక సనా జెర్సీ ఉతికి ఇస్తానని ఖాలా ఇంటికి పట్టుకుపోయింది. ఎన్నాళ్ళకూ ఇవ్వలేదు. అడిగితే "ఎండుతలేదు" అనేది. ఎండాకాలంలో, పిండితే ఆరిపోయే గుడ్డ! వయసు మీద పడింది, ఎక్కడో పెట్టి మరిచిపోయిందనుకుని అడగడం మానేశాను. చలికాలం వచ్చేసరికి ఆమెకు ఆయాసం మొదలైంది. గ్రౌండ్ గోడ పక్కన టీ గ్లాసు కనిపించడం మానేసింది. మిషన్ చప్పుడు కూడా తగ్గింది.

ఈ ఏడూ పిలుపొచ్చింది. సనాకు ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఆ పిల్ల తాటిచెట్టులా ఎదిగింది. ఇంకో దర్జీతో జెర్సీ కుట్టిస్తే అందంగా, ఒంటికి అతుక్కుని వచ్చింది. చేతులు పైకెత్తితే చంకలో పర్రుమంది. ఇంతలో ఖాలా పోయింది. ఆమెను మోసుకుని జనాజా వెళ్ళిపోయాక గల్లీలో సనా నాన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇగ పిల్లల ఎంబడి ఎవరొస్తరు టీచర్?" అన్నాడు. నేనున్నాను కదా అనాలి. అనలేకపోయాను. నిజానికి ఆ క్షణంలో నాకు ఎక్కడికీ పోవాలని లేదు. ఈ సారికి వద్దని రాసేస్తే ఎంత హాయి అనిపించింది. ఇంటింటికీ తిరిగే కాళ్ళు నావే గానీ, తలుపులు తెరిపించింది ఆమె. అది ఆ రోజు బాగా తెలిసింది.

కొన్ని రోజులకు ఖాలా కోడలు కబురు పెట్టింది. సనాను తోడు తీసుకుని వెళ్ళాను. మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. కోడలు ఒక మూట తెచ్చి, "ఇవి మీ ఆటబట్టలంట, మీకే ఇయ్యమన్నది" అంది. నీలం జెర్సీల అడుగున చిలకాకుపచ్చ జెర్సీ ఉంది. సనా అక్కడే తన కమీజు మీద వేసుకుని చూసింది. చేతులు సగం దాకా కూడా లేవలేదు. తీసేసి, ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల చేతిలోంచి జెర్సీ తీసుకుని మడత పెట్టబోయాను.

పక్క కుట్టు వేళ్ళకు మందంగా తగిలింది.

అక్కడ గుడ్డ ఉండకూడదు. మా కళ్ళ ముందే కోసేసింది. జెర్సీ తిరగేశాను. రెండు పక్కలా, చంక నుంచి నడుం దాకా, ఆకుపచ్చ మీద తెల్లపూలు. తన ఈద్ కుర్తా కోసి వెడల్పాటి పట్టీలు లోపల కలిపి కుట్టి, ఎప్పటిలాగే మడిచి దాచింది. ఎండుతలేదు అన్నన్నాళ్ళూ చేసిన పని ఇదన్నమాట. సనా బ్లేడు అందుకుని, ఖాలా విప్పినట్టే, ఒక్కో పోగు తెంపుతూ విప్పింది. కోడలు మిషన్ మీది దుప్పటి తీసింది.

మర్నాడు సాయంత్రం ప్రాక్టీసు. మేకులు ఏరడం అయింది. సనా నాన్న దుకాణం ఎవరికో అప్పగించి వచ్చి, ఖాలా కూర్చునే గోడ పక్కన నిలబడ్డాడు. బిడ్డను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడేమోనని నేను ఆయన వైపు చూడకుండా తిరిగాను. సనా గోల్ ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"టీచర్, అది ఖాలా ఈద్ కుర్తా గదా?"

"అవు భాయ్."

ఆయన ఖాలా కూర్చునే చోటే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"రైలెన్నడు?"

చెప్పాను. పూల పట్టీలు చూసి ఈసారి రిఫరీ ఏమంటుందో తెలియదు. ఏమన్నా ఆ లొల్లి నేను పడతాను. దానికి సరిపడా ఓపిక ఎక్కడో లోపల ఇంకా ఉన్నట్టుంది. బంతి తెచ్చి గీత మీద పెట్టాను. సనా ఇంకా చేతులు దించలేదు. రెండు పక్కలా తెల్లపూలు ఎండలో కనిపిస్తూనే ఉన్నాయి.