డ్రైవ్‌వేలో గెజిటెడ్ సంతకం

మా అమ్మాయి కోసం వంద ఆన్‌లైన్ కాలేజీలు గాలించానని డబ్లిన్ పక్కన మేముండే లూకన్‌లో కనిపించిన తెలుగువాళ్లందరికీ చెప్పాను. వంద కాదు, పద్నాలుగు. వాటిలోనూ అయిదు, ఫీజు కనబడగానే మూసేశాను.

ఆరు నెలలుందామని ఐర్లాండ్ వచ్చి, విమానాలు ఆగిపోవడంతో కూతురింట్లో చిక్కుపడ్డాను. అమ్మాయి ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్. అక్కడి ముసలివాళ్లకు స్నానం, తిండి, మందులు చూసే ఉద్యోగం. కోవిడ్ రోజుల్లో పన్నెండు గంటలు మాస్కుతో పనిచేసి, ముక్కు మీద ఎర్రటి గాడితో ఇంటికొచ్చేది. డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్‌గా తీసుకుంటామన్నారు. గుంటూరులో రెండేళ్లు చదివిన బి.ఏ. ఉంది, అల్లుడికి డబ్లిన్‌లో ఉద్యోగం రావడంతో మధ్యలో వదిలేసింది. ఆ రెండేళ్ల సబ్జెక్టుల్నీ లెక్కలోకి తీసుకునే కాలేజీ దొరికితే ఏడాదిలో గట్టెక్కుతుంది. లేదంటే ముప్పయ్యెనిమిదేళ్ల వయసులో మళ్లీ ఫస్టియర్.

"మొదట్నించీ అంటే నావల్ల కాదు నాన్నా. ఈ డ్యూటీలతో మూడేళ్లు లాగలేను," అంది.

"నేనున్నాగా. కాలేజీ ఆఫీసు ముప్పయ్యేళ్లు నా చేతుల మీద నడిచింది," అన్నాను.

నడిపింది సూపరింటెండెంటు. నేను సీనియర్ అసిస్టెంటుని.

ఆ వెతుకులాట పగవాడికి కూడా వద్దు. ఒక కాలేజీ మొదటి పేజీలో మీ పాత క్రెడిట్లన్నీ, అంటే పాసైన సబ్జెక్టుల లెక్కంతా, తెచ్చుకోండి అంటుంది. లోపలికెళ్తే అయిదేళ్లు దాటినవి చెల్లవంటుంది. ఇంకొకటి అన్నీ తీసుకుంటుంది, కానీ ఫీజు చూస్తే ఇల్లు అమ్ముకోవాలి. మరోచోట తెర మూల నుంచి చాట్ డబ్బా లేచి, ఏం సాయం కావాలంది. మా అమ్మాయి సంగతంతా ఒంటివేలితో అరగంట టైపు కొట్టాను. బ్రోచర్ పంపమంటారా అని అడిగింది. వద్దు, జవాబు చెప్పమన్నాను. మళ్లీ బ్రోచరే. దాన్ని తెలుగులో తిట్టాను. దానికీ బ్రోచరే.

చివరికి జులైలో ఒకటి దొరికింది. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు. మూడేళ్ల కోర్సులో రెండేళ్ల దాకా పాత చదువు తీసుకుంటారు. ఆగస్టు ఆఖరుకి కాగితాలు అందాలి. మార్కుల మెమోలు, సిలబస్, ధ్రువీకరించిన నకళ్లు కావాలన్నారు. ధ్రువీకరణ అన్న మాట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా ఉద్యోగమంతా అటెస్టేషన్లే కదా! జిరాక్సు, గెజిటెడ్ ఆఫీసరు, ఆకుపచ్చ సిరా. దాని కింద ఇంకో పేరా ఉంది. అది చదవలేదు.

పక్క వీధిలో మన కృష్ణా జిల్లా డాక్టరు ఒకాయన ఉండేవాడు, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పని. మన దగ్గర ప్రభుత్వ డాక్టరంటే గెజిటెడే. ఆకుపచ్చ పెన్ను పట్టుకుని, రెండు మీటర్ల దూరంలో ఆయన డ్రైవ్‌వేలో, అదే ఇంటి ముందు కారు పెట్టుకునే జాగాలో, నిలబడ్డాను.

"ఇక్కడ నేను గెజిటెడ్ కాదు అంకుల్. అసలిక్కడ గెజిటెడ్ అనేదే లేదు."

"గవర్నమెంటు ఆస్పత్రే కదా బాబూ?"

"ఆస్పత్రి గవర్నమెంటుదే, కానీ..."

"జీతం ఎవరిస్తున్నారు?"

"గవర్నమెంటే."

"ఇంకేం మరి. పెట్టండి."

కారు బానెట్ మీద పెట్టుకుని పదకొండు కాగితాల మీదా సంతకం చేశాడు. స్టాంపు లేదా అనడిగాను.

"పేషెంట్ల మీద అతికించే స్టిక్కర్లున్నాయండీ. వేయమంటారా?" అన్నాడు.

స్కాన్ చేసి పంపాను. అమ్మాయికి తీరికెక్కడిదని అప్లికేషన్లో నా ఈమెయిలే ఇచ్చాను. మూడు వారాలకు జవాబొచ్చింది. డాక్టరు సంతకం చెల్లదు. కాగితాలు యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలి, ఆ సంగతి ముందే రాశాం కదా అన్నారు. గడువుకి ఇంకా తొమ్మిది రోజులు.

అమ్మాయికి వెంటనే చెప్పానని తర్వాత అల్లుడితో అన్నాను. చెప్పలేదు. అయిదు రోజులు దాచాను. ఆ అయిదు రోజులూ యూనివర్సిటీకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. లాక్‌డౌన్ పుణ్యమా అని మోగి మోగి ఆగిపోయేది. ఆరో రోజు ఎవరో ఎత్తి, "అప్లై చేసుకోండి సార్, పది రోజుల్లో మెయిల్ చేస్తాం," అన్నాడు. జులైలో అడిగుంటే జులైలోనే వచ్చేది.

అప్పుడు చెప్పాను. అమ్మాయి ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

"అయిదు రోజులా నాన్నా? అడిగినప్పుడల్లా అంతా బాగుందనడానికి ఇక్కడివాళ్లలా గ్రాండ్ అన్నావు. ఇక్కడికొచ్చి ఆ ఒక్క ముక్క నేర్చుకున్నావు!"

"గడువు పెంచమని అడుగుదామమ్మా..."

"నేనడుగుతాలే. నువ్వు దేన్నీ ముట్టుకోకు."

అడిగింది. కుదరదన్నారు, జనవరి బ్యాచ్‌కి రమ్మన్నారు. యూనివర్సిటీ కాగితాలు సెప్టెంబరులోనే వచ్చి కూర్చున్నాయి. కానీ జనవరికి కాలేజీవాళ్ల నిబంధన మారింది. పాత చదువు ఒక్క ఏడాదికే లెక్క కడతామన్నారు. నాలుగు నెలల్లో ఆ చదువుకి ఏం తెగులు పట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు. అర్థం కాలేదని వాళ్లకి పెద్ద ఉత్తరం రాశానని చెప్పుకున్నాను. రాయలేదు. ముట్టుకోవద్దంది కదా.

మానేస్తుందనుకున్నాను. చేరింది. ఒకసారి పాసైన సైకాలజీనే, డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని మళ్లీ మొదటి పాఠం నుంచి చదివేది. నేను పక్క గదిలో టీవీ సౌండ్ తగ్గించుకుని కూర్చునేవాణ్ణి.

"ఏమైనా సాయం కావాలా అమ్మా?" అని ఒకసారి తొంగిచూశాను.

"తలుపెయ్యి నాన్నా," అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.