రూతుకు వేసిన నాలుగు మోతాదులు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా నన్ను డోన్ దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. ఇంజెక్షన్ గది బాధ్యత నాది. చేరిన మొదటి వేసవిలోనే రూతు అనే పదహారేళ్ల అమ్మాయిని కుక్క కరిచిందని తీసుకొచ్చారు. తండ్రి దేవదానం నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి.

పిక్కలో పళ్లు దిగి రక్తం కారుతోంది. అలాంటి కాటును పావుగంట సేపు సబ్బునీళ్లతో కడగాలి. రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే సీరం గాయం చుట్టూ ఎక్కించి, టీకా మొదలుపెట్టాలి. టీకా నాలుగు విడతలు. మొదటిది వేసిన రోజును సున్నాగా లెక్కించి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మిగిలినవి వేస్తాం. ప్రతిసారీ రెండు చేతులకూ చర్మంలోకి కొద్దికొద్దిగా ఇస్తాం.

సూది చూడగానే ఆ పిల్ల మంచం దిగి పరుగెత్తింది. తండ్రి, అటెండరు, మరో ఇద్దరు అదిమి పట్టుకుంటే డాక్టరుగారు సీరం, నేను టీకా వేశాం. బయట క్యూ పెద్దదిగా ఉంది. పని అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు రూతు రాలేదు. ఫోన్ చేస్తే దేవదానం ఎత్తాడు.

"తలుపేసుకోని కూర్చున్యాది మేడం. పట్టుకొస్తామంటే యాడికన్నా పారిపోతానంటాది."

డ్యూటీ దిగి వాళ్లింటికి వెళ్లాను. రేబిస్ వస్తే బతకరని ఇంట్లోవాళ్లూ, పాస్టరుగారూ అప్పటికే చెప్పి చూశారు. నేనూ అదే చెప్పి లాభం లేదనిపించింది. తలుపు ఇవతల కూర్చుని, అన్నిటికన్నా దేనికి భయమేస్తోందని అడిగాను. లోపల్నుంచి జవాబొచ్చింది.

"సూదంటే చిన్నప్పట్నుంచీ భయమే మేడం. కానీ ఆ పొద్దు నలుగురూ మీద పడినారు. ఊపిరాడలేదు. వద్దంటాంటే ఒకరూ ఇనలేదు."

పట్టుకోమన్నది నేనే. ఆ మాట ఒప్పుకున్నాను. సీరం మళ్లీ ఉండదని, టీకా మాత్రం చురుక్కుమంటుందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ పట్టుకోరని, ఆపమంటే ఆపుతానని మాటిచ్చాను. తలుపు తీసింది.

మర్నాడు వచ్చింది. ఒకరోజు ఆలస్యమైనా కోర్సు కొనసాగించవచ్చని డాక్టరుగారు రాశారు. సూది భయమున్న కొందరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకని పడుకోబెట్టి, తొడలు బిగించి వదలడం నేర్పాను. ఎడమ చేతికి వేయించుకుంది. కుడి చేతి దగ్గరికి వెళ్లేసరికి "ఆపండి మేడం" అంది. సిరంజి ట్రేలో పెట్టేశాను.

"శానామంది ఉండారు మేడం, పట్టుకుంటే అయిపోతాది గదా" అన్నాడు అటెండరు. అతన్ని బయటికి పంపి తలుపు వేశాను. బయట గొణుగుళ్లు వినిపిస్తున్నాయి. రూతు నా ముఖమే చూస్తోంది. కొన్ని నిమిషాలకు తనే చెయ్యి చాపింది.

"ఇప్పుడు ఏయండి."

ఏడో రోజు తల్లితో వచ్చింది. ఇరవై ఎనిమిదో రోజు ఒక్కతే బస్సెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, సూది దిగడం చూస్తూ వేయించుకుంది. నాలుగు గళ్లూ నిండిన ఆమె టీకా కార్డు మీద సంతకం పెట్టినప్పుడు కలిగినంత గర్వం నా సర్వీసులో ఇంకెప్పుడూ కలగలేదు.

పసిపిల్లల్ని తల్లి పట్టుకోక తప్పదు. బుద్ధి తెలిసిన పిల్లల్ని మాత్రం ఆ తర్వాత నా గదిలో ఎవరినీ పట్టుకోనివ్వలేదు. బలవంతంగా ఒక మోతాదు వేయగలం. మిగిలిన మూడింటికి రోగి తనంతట తాను రావాలి.