రిబ్బన్ల గడ్డిలో ఆల్చిప్ప పిల్లలు

మా ఆళ్లగడ్డ నుంచి సముద్రం చూడాలంటే సగం రోజు బస్సులో కూర్చోవాలి. అలాంటి ఊరి పిల్లకి, నంద్యాలలో జువాలజీ చదివాక, తమిళనాడు తీరంలో సముద్రగడ్డి మీద పరిశోధన చేసే పని దొరికింది. లోతు లేని సముద్రం అడుగున ఆ గడ్డి మడిలో వరిలాగే పెరుగుతుంది. ఆల్చిప్ప పిల్లలు ఆవగింజంత కూడా లేనప్పుడు నీళ్లలో కొట్టుకొచ్చి, ఆ గడ్డిని పట్టుకుని స్థిరపడతాయి. ఒత్తు గడ్డిలో ఎక్కువ చేరతాయా, పలచ గడ్డిలోనా అన్నది నేను తేల్చాలి.

మా నాయన వరి రైతు. సంగతి వినగానే, "గడ్డి చూసేదానికి అంత దూరం పోవల్లనా పాపా? మన చేలో కావల్సినంత ఉందే" అన్నాడు.

అసలు గడ్డి ఏ రెండు చోట్లా ఒకేలా మొలవదు. అందుకని మా గైడ్ మేడమ్ ప్లాస్టిక్ గడ్డి తయారుచేసుకోమన్నారు. వల ముక్కల మీద రిబ్బన్లు ముడివేసి సముద్రం అడుగున పరవాలి. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడే ఆ పని పెట్టుకున్నాను. నంద్యాలలో జడరిబ్బన్లు అమ్మే అంగడికి వెళ్లి ఆకుపచ్చ చుట్టలన్నీ ఇమ్మన్నాను. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, బడి ఏమన్నా పెట్టినావా అని అడిగాడు. సముద్రంలో వేయడానికని చెప్పాను. ఆయన చుట్టలన్నీ మూటగట్టి, డబ్బులు మాత్రం ముందే తీసుకున్నాడు.

ఇంటికొచ్చి బకెట్లో వేస్తే అవి తడిసి అడుగున పడుకున్నాయి. గడ్డి అంటే నిలబడాలి కదా! మర్నాడు మళ్లీ బస్సెక్కాను. ఈసారి బహుమతి పొట్లాలకు కట్టే ప్లాస్టిక్ రిబ్బన్ తెచ్చి, ఒక కొసకు రాయి కట్టి వేస్తే నిటారుగా లేచి ఊగింది.

ఇక ముడులు. నా వేళ్లు బొబ్బలెక్కడం చూడలేక అమ్మ ఆదివారం ఆ మూటను చర్చిలో స్త్రీల కూటానికి మోసుకుపోయింది. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని కొన్ని వలలు ఒత్తుగా, కొన్ని పలచగా అల్లిపెట్టారు. పాస్టరమ్మకు మాత్రం ఒక సందేహం. ఇది దొంగ గడ్డి అని ఆ జీవాలు కనిపెట్టవా అని అడిగింది. నా భయమూ అదేనన్నాను.

అవి కనిపెట్టలేదు. తీరానికి తిరిగెళ్లి సముద్రం అడుగున పరిచిన వలల్ని కొన్ని వారాలయ్యాక తీసి భూతద్దం కింద పెడితే, రిబ్బన్లకు అతుక్కుని ఆల్చిప్ప పిల్లలు! ఆ సంతోషం లెక్క పూర్తయ్యేవరకే. ఒత్తు గడ్డికీ పలచ గడ్డికీ పెద్ద తేడా రాలేదు. చేసిందంతా వృథా అయిందని నాయనకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఆయన ఓదార్చలేదు. వల మీద అవి ఏ చోట కూర్చున్నాయో చూశావా అని అడిగాడు. లేదు, అన్నీ కలిపి లెక్కపెట్టానన్నాను.

"కలిపితే ఏం తెలుస్తాది? మన మడికి కాలవ నీళ్లు వస్తాండాయి కదా. ఆ నీళ్లల్లో కొట్టుకొచ్చే తుంగ గింజలు, వరి ఒత్తుగా ఉంటే అంచులోనే తగులుకుంటాయి. నడిమికి పోవు. నీ చిప్పలూ అంతేనేమో చూడు."

మళ్లీ వలలు వేశాను. ఈసారి అంచు వేరుగా, నడుమ వేరుగా లెక్కపెట్టాను. ఒత్తు గడ్డి అంచుల్లో పిల్లలు కిక్కిరిసి ఉన్నాయి, నడుమ ఒకటీ అరా. ఇంకొన్ని వలల్ని కదిలించకుండా ఉంచి ఆలస్యంగా తీశాను. అప్పటికి అంచుల్లో ఉన్నవాటిని పీతలు చాలావరకు ఏరుకు తినేశాయి. లోపలికి చేరిన ఆ కొద్దిపాటివే బఠాణీ గింజంత అయి, నిక్షేపంగా ఉన్నాయి.

పట్టికలు చూసిన మేడమ్, అంచునూ నడుమనూ విడదీయాలని నాకెలా తోచిందని అడిగారు. మా నాయన చెప్పాడన్నాను. ఆయన ఏ యూనివర్సిటీ అని అడిగారు. పొలంలో కలుపు తీయిస్తుంటాడని చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. వెంటనే ఫోన్ కలపమని, నీళ్లు ఏ వేగంతో వస్తే గింజలు ఎంత లోపలికి పోతాయో అడిగారు. ఆవిడ తమిళంలో, నాయన తెలుగులో, మధ్యలో నేను. నాయన అన్నింటికీ ఓపిగ్గా జవాబులు చెప్పాక, ఎండాకాలం ఒకసారి రమ్మని, బనగానపల్లె మామిడిపండ్లు తినిపోవచ్చని మేడమ్‌తో చెప్పమన్నాడు.