బస్టాండు కాడ మా అత్తమ్మ మొకం

పెండ్లయి భువనగిరికి వచ్చిన రెండో ఎండాకాలం నేను సినిమా బొమ్మ గీసిన. అప్పటికి నేను సూసిన సినిమాలు రెండే. మనిషి మొకం ఒక్కటి గూడ గీసి ఎరుగ.

నాకు వచ్చిందల్ల చిటికి పని. పుట్టింట్ల మా బాపు నాకు అదే నేర్పిండు. ముందుగాల గళ్ళ కాయిదం మీద పువ్వో ఏనుగో గీసుకోవాలె. ఆ గళ్ళ లెక్కన నూలుకు ముడులు కట్టి రంగుల ముంచితే, ముడి కింద తెలుపు తెలుపుగనే నిలుస్తది. నేసినంక పువ్వు అంచులు సాఫుగ ఉండవు. కండ్లల్ల నీళ్ళు తిరిగినప్పుడు సూసినట్టు జర చెదిరి ఉంటయి. అత్తగారింట్ల గూడ మగ్గం ఉండె. మామ పోయి శానేండ్లయింది. నేను నేస్తుంటి, మా అత్తమ్మ నూలు కండెలు చుడుతుండె. మా ఆయనకు మాత్రం చిన్నప్పటి సంది మగ్గం గుంతల కాలు పెట్టుడంటేనే చిరాకు. ఆయన ఊరి బయట డేరా టాకీసుల సినిమా మిషిని నడిపేటోడు.

పోస్టర్లు రీళ్ళ డబ్బతోనే హైదరాబాదు పట్నం నుంచి వస్తుండె. వాటిని గోడలకు అతికిస్తుండ్రి. బస్టాండు కాడ కట్టే పెద్ద బొమ్మ మాత్రం ఊర్ల పెయింటరే గీసేటోడు. ఆయనకు గులాబి రంగంటే పానం. రాజైనా, రాక్షసుడైనా, రాజు కాడ గొడుగు పట్టేటోడైనా, అందరికీ అవే గులాబి బుగ్గలు. ఆ ఏడు ఆయనకు పట్నంల దుకాణాల బోర్డుల పని దొరికింది. డబ్బాలు, కుంచెలు సర్దుకొని పోయిండు.

గా టైములనే ఈ డబ్బ వచ్చింది. టాకీసు సేటు అడిగింది కత్తియుద్ధాల సినిమా. మా ఆయన సైకిలేసుకొని టేషనుకు పోయి డబ్బ తెచ్చి, రీలు ఎక్కించి సూస్తే కత్తి లేదు, కిరీటం లేదు. ఒక ముసలవ్వ దుమ్ము బాటల నడుసుకుంట పోతాంది. మాట్లాడేది బెంగాలీ అని సేటు దోస్తు ఒకాయన చెప్పిండు. డబ్బల పోస్టరు గూడ లేదు. అర్థంగాని అచ్చరాల చిన్న కాయిదం ఒకటే ఉన్నది. ఎల్లుండే అంగడి. వాపసు పంపి ఇంకోటి తెప్పియ్యాలంటే అంగడి దాటిపోతది.

పగటి బువ్వకు ఇంటికొచ్చిన మా ఆయన పళ్ళెంల చెయ్యి పెట్టి కూసున్నడు గని ముద్ద ఎత్తుతలేడు.

"ఏమైందయా?" అంటే జరిగింది చెప్పిండు.

"సేటు ఏమంటున్నడు మరి?"

"ఏదో ఒకటి ఆడియ్యి అంటున్నడు. గని బస్టాండు కాడ బొమ్మ లేకుంటే జనమెట్లొస్తరు? నువ్వు గళ్ళ కాయిదం మీద గీస్తవు గద. జర ఒక బొమ్మ గియ్యరాదూ?"

"ఏనుగు గీస్త. చిలుక గీస్త. మనిషి నాకు రాదు."

"ఏనుగుకు వచ్చిన చెయ్యి మనిషికి రాదా?"

"సరే, కథన్న చెప్పు."

సగం మాటలు, సగం సైగలతోని చెప్పిండు. ఒక అవ్వకు ఒక బర్రె ఉంటది. కరువుల దాన్ని దూరపు ఊరోళ్ళకు ఇచ్చేస్తది. కొన్నాళ్ళకు మనసు పట్టక, అదెట్లుందో సూసొస్తనని ఒక్కతే బయలెల్లుతది. సినిమా అంత ఆ నడుసుడే. పాట లేదు, ఫైటు లేదు.

"ఆమె మొకం ఎట్లుంటది?"

మా ఆయన ఆలోచన చేసిండు. తలుపు అవతల, వసారల కండెలు చుట్టుకుంట కూసున్న వాళ్ళమ్మ దిక్కు సూసిండు. గొంతు తగ్గించి, "అచ్చం మా అమ్మ లెక్కనే ఉంటది," అన్నడు.

ఇగ నాకు వేరే దారి లేకపాయె. గళ్ళ కాయిదం తీసుకొని అత్తమ్మ ఎదురుంగ కూసున్న.

"ఏం గీస్తున్నవే?"

"కొత్త రుమాలు, అత్తమ్మా."

"రుమాలు గీసెతందుకు నా మొకం ఎందుకు సూస్తవు?"

"ఆలోచన చేస్తున్న."

"ఆలోచన గోడ దిక్కు సూసి చెయ్యి. నాకు సిగ్గయితాంది."

ఆమె అట్ల అనుకుంటనే తల అటు తిప్పింది. నాకు ముక్కు దూలం మంచిగ దొరికింది. రెండేండ్లు ఒకే ఇంట్ల ఉండి, ఆమె మొకాన్ని నేను అంత నిదానంగ ఎన్నడూ సూడలే. ఎడమ కన్ను కుడి కంటికన్న జర చిన్నది. కోపమొస్తే పెదవి మూలకు ఒక గీత పడతది. నవ్వొచ్చినా అదే గీత. ఇన్నాళ్ళు ఆమె నవ్వును కోపమనుకొని ఎన్నిసార్లు బుగులు పడ్డనో అప్పుడు ఎరుకైంది.

మర్నాడు అత్తమ్మ చుట్టాలింటికి పోంగనే పని షురూ చేసిన. పాత దుప్పటి రెండు జానల గళ్ళుగ మడత పెట్టి గీతలు తీసిన. కాయిదం మీది ఒక చిన్న గడి, బట్ట మీద ఒక పెద్ద గడి. ఏ గడిల ఉన్నది ఆ గడిల దించుకుంట పోవుడే. గంజిల సుద్ద కలిపి బట్టకు పూసి ఎండబెట్టిన. కుంచె లేదు, ఈత పుల్ల కొస నమిలి కుచ్చు చేసిన. గులాబి రంగు నాకాడ యాడిది? ఇంట్ల ఉన్నయి నూలుకు వేసే ఎరుపు, నలుపు. తెలుపుకు సుద్ద ఉన్నది. మా బాపు రుమాళ్ళకు వాడిందీ ఆ మూడు రంగులే.

నాకు సాఫు గీత రాదు. అందుకే మొకం అంచులు గూడ చిటికి పువ్వు లెక్కనే మెట్లు మెట్లుగ, చెదిరినట్టు వచ్చినయి. ముడుతలు నూలు పోగుల లెక్క పక్కపక్కన పడ్డయి. మొకమే బట్టంత నిండింది. బర్రెకు జాగ మిగల్లే. కింది మూలకు దాని ఎనుక సగం, తోక మాత్రం పట్టింది. ముందు సగం బట్ట అవతలికి పోయింది. నాకైతే ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం దూరం జరిగి సూసి, "బర్రె పోతాంది, అవ్వ సూస్తాంది. ఇంకేం గావాలె?" అన్నడు.

సినిమా పేరు ఎవరి నోరూ తిరగలే. "బర్రె కోసం" అని నేను తెలుగుల రాసిన, కింద ఆయన ఉర్దూల రాసిండు.

సేటు సూసి తల పట్టుకున్నడు. "హీరోయిన్ ఏది?"

"గదే హీరోయిన్, సేటూ," అన్నడు మా ఆయన.

"గీమెనా? గీమెను సూడనీకి ఎవరొస్తరయా?"

గని అంగడి తెల్లారే. బొమ్మను కర్రలకు బిగించి బస్టాండు కాడ కట్టిచ్చిండు.

పొద్దెక్కినంక, మా పక్కింటామె సంచి గూడ దించకుంట మా వసారలకు ఉరికొచ్చింది. "పెద్దమ్మా! నువ్వు బస్టాండు కాడ ఏలాడుతున్నవు!"

"నేనా? నేను ఈడ కండెలు చుడుతున్న గద!"

"నీ మొకమే పెద్దమ్మా! డేరా అంత పెద్దగున్నది!"

అత్తమ్మ నా దిక్కు సూసింది. నేను మగ్గం గుంతల ఇంకింత కిందికి జారిన. ఆమె చేతిల కండె కింద పెట్టింది. కొంగు సర్దుకొని బయలెల్లింది. నేను ఎనుకనే ఉరికిన. అంగడి జనమంత ఆ బొమ్మ కిందనే ఉన్నరు. ఆమెను సూడంగనే బాట ఇచ్చిండ్రు. కూరగాయలమ్మే ఒకామె, "సినిమాల యాక్టు జేసినవు, మాకు చెప్పనన్న చెప్పకపోతివి!" అని నిష్టూరమాడింది.

అత్తమ్మ మొకమెత్తి సూసింది. నొసటి నుంచి గడ్డం దాక సూసింది. ఆఖరుకు అన్నది, "నా ముక్కుపుల్ల ఏది?"

"అత్తమ్మా..."

"పుట్టి బుద్ధెరిగిన సంది తియ్యలే నేను. ఊరంత ముందట నన్ను బోడి ముక్కుతోని నిలబెడతవా? పో, రంగు తీస్కరా."

ఆమె పెదవి మూలకు గీత పడ్డది. అది ఏ గీతనో నాకు ఇప్పుడు ఎరుకే. ఉరికి ఇంటికి పోయి సుద్ద, ఈత పుల్ల తెచ్చిన. బస్సు మీదికి సామాన్లెక్కించే నిచ్చెన అడుక్కొని ఎక్కిన. కింద నుంచి అత్తమ్మ, "ఎడమకు కాదే, కుడికి! జర మీదికి!" అని చెప్తాంది. జనం చప్పట్లు కొట్టిండ్రు. ముక్కుపుల్ల తెల్లగ మెరిసినంకనే ఆమె ఇంటికి నడిసింది.

పొద్దుగూకేసరికి మా వాడకు వాడ డేరాల ఉన్నది. మగ్గాలు బంద్ వెట్టి, ముసలోళ్ళను, సంటి పిల్లలను ఎత్తుకొని వచ్చిండ్రు. అత్తమ్మను అందరి ముందట నేల మీద నడుమ కూసోబెట్టిండ్రు. సినిమా షురూ అయింది. తెర మీద అవ్వ వచ్చింది. ఆమె వేరే అవ్వ.

"పెద్దమ్మ ఏది?" అని ఒకరు కేకేసిండ్రు. "జర ఆగు, ఎనుక వస్తదేమో," అని ఇంకొకరు. అవ్వ నడుస్తనే ఉన్నది. వాళ్ళ పెద్దమ్మ వస్తలేదు. మాటలు సమజైతలెవ్వు, పాట రాదు. ఈలలు పడ్డయి. సేటు అంగి గల్ల పట్టి గుంజుతమని కొందరు లేసిండ్రు.

అప్పుడు అత్తమ్మ లేసి నిలబడ్డది. తెర మీద ఆమె నీడ పడ్డది.

"కూసోండ్రి! నేను ఈడనే ఉన్న, ఏడికి పోలే, రోజు సూస్తనే ఉన్నరు గద నన్ను! గా అవ్వకు బర్రె దొరుకుతదా లేదా, నన్ను సూడనియ్యుండ్రి!"

డేరా అంత ఒక్కపారే నవ్వింది. లేసినోళ్ళు కూసున్నరు. ఇగ ఆడికెల్లి అత్తమ్మనే కథ చెప్పింది. ఆమెకు బెంగాలీ ఎట్ల వస్తది? ఆ అవ్వ నోరు కదిలినప్పుడల్ల ఈమె మాట పెట్టింది. "అయ్యో, నీళ్ళడుగుతాంది. ఇయ్యరాదురా, ముసల్ది!" "గా మనిషి అబద్ధమాడుతున్నడు, కండ్లు సూడుండ్రి." ముందల కూసున్న ఆడోళ్ళు, "గంతే పెద్దమ్మా, గంతే," అన్నరు. మిషిని కాడ నుంచి మా ఆయన నవ్వు నాకు వినొచ్చింది.

ఆఖరుకు అవ్వకు బర్రె దొరికింది. మంచి కొట్టంల, దూడతోని, బలిసి ఉన్నది. అవ్వ దాని మెడ నిమిరి, జర సేపు నిలబడి, వచ్చిన బాటనే మళ్ళింది. అట్లనే తెర తెల్లగైంది.

అత్తమ్మ ముక్కు చీదుకొని, "మంచిగున్నది. గంతే సూద్దామని వచ్చింది," అన్నది.

ఇగ వారం దినాలు మా వాడల అదే లొల్లి. అవ్వ బర్రెను తోలుకొని పోవాలె అని సగం మగ్గాలు, పోవద్దని సగం మగ్గాలు. ఆ లొల్లి తీర్సుకోనీకి మళ్ళ సూసినోళ్ళున్నరు. పక్క ఊర్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చినోళ్ళున్నరు. సేటు నవ్వు మొకంతోని మా ఇంటికొచ్చి, అత్తమ్మకు చీర పెట్టిండు. "గీసింది గామె, చీర నాకా?" అని అత్తమ్మ దాన్ని నా ఒళ్ళె వేసింది.

రీళ్ళు వాపసు తీసుకపోనీకి పట్నం నుంచి కంపెనీ మనిషి ఒకాయన వచ్చిండు. బస్టాండు కాడ దిగి బొమ్మను సూసి, అడుక్కుంట అడుక్కుంట మా ఇల్లు పట్టిండు. అసుంటి సినిమాలు ఇష్టపడేటోళ్ళు పట్నంల కొందరున్నరట. వాళ్ళు ఈ బొమ్మను సూస్తే సంబురపడతరని, రీళ్ళతోని దీన్నీ తీసుకపోత, ఇస్తరా అన్నడు.

నేను అత్తమ్మ దిక్కు సూసిన.

"తీస్కపో నాయినా," అన్నది అత్తమ్మ. "నేను హైదరాబాదు సూడలే. నా మొకమన్న సూసి రానియ్యి."

అట్ల పోయింది ఆ బట్ట. మళ్ళ రాలే, రీళ్ళ ఎంబడి ఊరూరు తిరిగింది. పాలమూరుల ఉండే అత్తమ్మ చెల్లె కొడుకు మరుసటి ఏడు వచ్చి, "పెద్దమ్మా, నిన్ను మా ఊరి టాకీసు కాడ సూసిన, ఒక మూలకు జర చినిగినవు," అని చెప్పిండు. అత్తమ్మ ఆయనకు రెండు గుడ్లు ఎక్కువేసి కూర వండింది.

ఆ తర్వాత ఐదారు ఎండాకాలాలు బస్టాండు బొమ్మలు నేనే గీసిన. రాజకుమారిని గీస్తే చీర మాత్రం మా వాడ చిటికి చీరనే కట్టేదాన్ని. ఆడోళ్ళు సినిమా ఇడిసిపెట్టి ఆ చీర అంచు సూడనీకి వస్తుండ్రి. మా వాడల ఎవరింటి ముందల నుంచి పోయినా, "ఏమే కోడలా, ఈపారి నా మొకం వెయ్యరాదూ," అని పిలిచేటోళ్ళు. ఒకాయన రాజు మొకానికి తనే సరిపోతనని మీసాలు పెంచిండు గూడ. ఆయన్ను గీసిన, గని రాజుగ కాదు, గొడుగు పట్టేటోనిగ. బుగ్గలకు మాత్రం గులాబి రంగు పూయలే.