బస్సులోనే ఉండిపోయిన క్యాసెట్టు

దయ్యాన్ని చూశానని చెప్పినవాణ్ణి మీరెప్పుడైనా సాక్ష్యం అడిగారా? నేను అడిగాను. కైరుప్పల నుంచి కృష్ణగిరి దాకా మా హేతువాద సభల్లో నిలబెట్టి అడిగాను. ఒక్కరూ నిలవలేదు. దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను. ఈసారి నన్ను అడగండి.

ఎనభైల నడుమ నేను ఆదోనిలో లెక్కల పంతుల్ని. మా బడికి ఒక కంప్యూటరు వచ్చింది. ఎమ్మిగనూరులో నా మిత్రుడు పనిచేసే బడికీ అలాంటిదే వచ్చింది. పిల్లలకు లెక్కలు నేర్పడానికి నేనొక ఆట రాశాను. తెరపై వరసగా అరవై గళ్ళు. ఒక గడి కింద నీళ్ళుంటాయి. గడి సంఖ్య కొడితే నీళ్ళు దగ్గరో దూరమో యంత్రం చెబుతుంది.

రెండు బళ్ళూ కలిసి ఒకే ఆట ఆడేవి. మా పిల్లలు మూడు ఎత్తులు వేశాక ఆటను క్యాసెట్టులోకి ఎక్కించేవాణ్ణి; ఆ రోజుల్లో కంప్యూటరులోది దాచుకోవడానికి పాటల క్యాసెట్టే దిక్కు. కాగితంలో చుట్టి, దారం కట్టి, ముడి మీద నా సంతకంతో చీటీ అతికించి బస్సు కండక్టరు మాబు చేతికిచ్చేవాణ్ణి. ఎమ్మిగనూరు పిల్లలు తమ ఎత్తులు వేసి తిప్పి పంపేవారు.

అక్కడ బాగా ఆడేది సరోజ, నేతపని చేసే ఈరన్న కూతురు. మా పిల్లలు నడిమి గళ్ళలో తోచినట్టు కొట్టేవారు. ఆమె ఎడమ అంచు నుంచి మూడో గడి, వెంటనే కుడి అంచు నుంచి మూడో గడి, ఆపైన ఆరోవి, అలా రెండు వైపుల నుంచీ నడుమకు వచ్చేది. మగ్గం మీద తెగిన పోగును వాళ్ళింట్లో అలాగే వెతుకుతారట, తండ్రి ఒక అంచు నుంచి, కూతురు ఇంకో అంచు నుంచి.

ఒక ఆదివారం ఈరన్న ఆమెను బడి మాన్పించాడు. నేనూ నా మిత్రుడూ వెళ్ళి గంటసేపు వాదించాం.

"ఆటలాడేదానికి బడి ఎందుకు సార్? ఆడేదేదో ఈడనే ఆడుకుంటాది, పని గూడ నేర్సుకుంటాది" అని నవ్వాడు. సరోజ తల ఎత్తలేదు.

సోమవారం ఎప్పటిలాగే క్యాసెట్టు పంపాను. గురువారం మాబు నసుగుతూ వచ్చాడు.

"తప్పయిపాయ సార్. ఎమ్మిగనూరులో ఇయ్యడమే మర్సిపోయినా. నాలుగు దినాలూ నా సంచిలోనే ఉండాది. అయినా ఇందులో ఒక్క పాటన్నా లేదు గదా సార్, ఎవురు దొంగిలిస్తారు?"

నా ముడి, నా చీటీ చెక్కుచెదరలేదు. పిల్లల ముందే విప్పి యంత్రంలో పెట్టాను. మా మూడు ఎత్తుల కింద ఇంకో ఆరు ఉన్నాయి. 3, 58, 6, 55, 9, 52. ఆరో ఎత్తుకు నీళ్ళు దొరికాయి.

నేనే ఆడి మరిచానా? సోమవారం ఆట ఎక్కించి ముడి వేసింది తరగతి అంతా చూస్తుండగానే. ఆ వారమంతా ఎమ్మిగనూరు బడిలో కరెంటు లేదు. సరోజ బడి గడప తొక్కలేదు.

కరెంటు వచ్చాక ఈరన్నను ఆ బడికి పిలిపించి తెర చూపించాను. వేలితో ఒక్కో అంకె మీదా ఆగాడు.

"ఇది మా ఇంటి లెక్క సార్. మా పిల్లదే."

"సోమవారం నుంచి సరోజ యాడుండె ఈరన్నా?"

"మగ్గం కాడనే. నా పక్కనే." తెరకు చేతులు జోడించాడు. "రేపట్నుంచి పంపుతా సార్. దేవుడే పిలిసినాక ఆపేదానికి నేనెవున్ని?"

సరోజను అడిగాను. తాను ఆడలేదంది. మగ్గం దగ్గర మనసులో మాత్రం ఆడుకుంటూ ఉండేదాన్నంది.

ఆమె బడికి వచ్చింది. నాకు సంతోషం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. నా గంట వాదనకు కదలని తండ్రి, నేను వివరించలేని దానికి కదిలాడు. ఆ ఆరు ఎత్తులు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు అనడం ఓటమి కాదు. తెలియనిదానికి దేవుడని పేరుపెట్టి, తెలిసిన న్యాయాన్ని దాని కోసం ఆపి ఉంచడమే ఓటమి.

మీ ఇంటికి ఏ మహిమా రాదు. మగ్గం దగ్గరో పత్తి చేనులోనో ఆపేసిన మీ కూతుర్ని రేపు పొద్దున బడికి పంపండి.