పాలిష్ వేయని నాలుగో టైరు

టైర్ పాలిష్ వాసనంటే నాకు రోత. బెల్లం పాకంలో కిరోసిన్ కలిపినట్టుంటుంది. మా పిన్ని మాత్రం పద్దెనిమిదేళ్లు ఆ వాసనలోనే బతికింది. కార్లు కడిగే షెడ్డులో అద్దాలూ సీట్లూ మేం చూసుకుంటే, టైర్ల పని ఆమెది. అందుకే అందరూ ఆమెను టైర్లమ్మ అనేవారు. ఆ పేరుతో పిలిస్తే పలికేది గానీ నవ్వేది కాదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఈ పనిలో చేర్చిందీ, నేర్పిందీ ఆమే. నురగ తెల్లగా దిగేదాకా బ్రష్‌తో తోమాలి. పూర్తిగా ఆరాలి. స్పాంజి మీద కొంచెమే పోసుకుని రుద్దాలి. పది నిమిషాలాగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే కారు కదలగానే ఆ జిడ్డంతా చిమ్మి తలుపులకు అంటుకుంటుంది. రోడ్డుకు ఆనే భాగానికి చుక్క కూడా తగలకూడదు. "బ్రేకు వేస్తే జారి చస్తారే!" అని నా వేళ్ల మీద ఒక్కటి వేసేది.

మా ఓనరుకు ఈ జాగ్రత్తలు చాదస్తంగా కనిపించేవి. కారు తాళంచెవితో పళ్లు కుట్టుకుని, అదే తాళంచెవిని కస్టమర్ చేతిలో పెట్టే మనిషి. పాత కార్లు కొని, మా చేత తోమించి, షెడ్డు ముందే నిలబెట్టి అమ్మేవాడు. "ఇంకా పుయ్యండి, కారిపోవాలి! టైరు తళతళలాడితే ఇంజిన్ సంగతి ఎవడూ అడగడు," అనేవాడు. నిజంగానే ఎవరూ అడిగేవారు కాదు. అది ఇంకా అసహ్యం.

ఆ రోజు పొద్దున్నే ఓ ఎర్ర కారు వచ్చింది. పిన్ని ముక్కాలిపీట వేసుకుని మూడు టైర్లు ముగించింది. నాలుగోది, వెనక ఎడమవైపుది, తోముతూ ఆగిపోయింది. మట్టి వదిలాక పక్కభాగంలో జానెడు పగులు బయటపడింది. లోపలి దారాలు కూడా కనిపిస్తున్నాయి. వెళ్లి ఓనరుకు చెప్పింది.

"పాలిష్ దట్టించమ్మా, కనపడదు. పన్నెండింటికి కొనేవాళ్లొస్తున్నారు," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

పిన్ని వెనక్కొచ్చింది. మూడు టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాలుగోదాన్ని కడిగి, ఆరబెట్టి, బూడిదరంగులో అలాగే వదిలేసింది. పూయడం మరిచిపోయిందేమోనని నేను గుర్తు చేయబోయాను. గుడ్లురిమి చూసింది.

ఓనరు వచ్చాడు. "ఇదేంటి?"

"దానికి పుయ్యను. టైరు మార్చండి. ఈ కార్లో మనుషులు కూర్చుంటారు."

"నీ సలహా ఎవడడిగాడు? పూస్తావా, పోతావా?"

పిన్ని స్పాంజిని పిండి, దాని మేకుకు తగిలించింది. టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచింది. ఓనరు సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు కానియ్. రేపట్నుంచి టైర్ల పని నీదే."

ఇంట్లో నాది పెద్ద నోరు. అక్కడ మాత్రం సీసా పట్టుకుని, పిన్ని లేచిన పీట మీదే కూర్చున్నాను. ఆ పగుల్లోకి స్పాంజిని వేలితో కూరి, దారాలు మునిగేదాకా రుద్దాను. పది నిమిషాలాగాను. పొడిగుడ్డతో తుడిచాను. కొత్తదానిలా తేలింది. ఛీ, ఆ క్షణంలో నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

కొనేవాళ్లు వచ్చారు. భర్త, భార్య, ఆమె భుజం మీద నిద్రపోతున్న పసిపాప. భర్త బూటుతో టైరును తన్ని, "కొత్తవేనా?" అన్నాడు.

"కళ్లముందే ఉన్నాయిగా!" ఓనరు పళ్లికిలించాడు.

పిన్ని వెళ్లిపోలేదు. గేటు దగ్గరే నిలబడి చూస్తోంది. ఆ మాట వినగానే గబగబా లోపలికొచ్చి నాలుగో టైరు ముందు గొంతుక్కూర్చుంది. చూసింది. కళ్లు చికిలించి మళ్లీ చూసింది. వేలితో తడుముకుంటూ పోతే తప్ప ఆమెకు పగులు దొరకలేదు.

"మీ బొటనవేలు ఇలా ఇవ్వండి బాబూ," అని అతని వేలు పట్టుకుని అందులోకి నొక్కింది. గోరంతా లోపలికి దిగింది. అతని ముఖం పాలిపోయింది.

"దీనికి రంగు పూసి కప్పిందెవరు?" అంది భార్య, పాపను గట్టిగా అదుముకుంటూ.

"పనివాళ్లండీ... తెలియక..." ఓనరు నీళ్లు నమిలాడు.

ఆమె నా నల్లటి వేళ్ల వైపు చూసింది. చేతులు వెనక్కి దాచుకున్నాను. వాళ్లు కారు తీసుకోకుండానే వెళ్లిపోయారు. పిన్ని కూడా నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. నేను సాయంత్రం దాకా టైర్లు తోమి ఇంటికెళ్లాను.

పిన్ని వంటగది గుమ్మంలో కూర్చునుంది.

"నేనేం చెయ్యను పిన్నీ, వాడలా మీద పడితే? ఇద్దరం మానేస్తే ఎలా?" అన్నాను. నాలుగు తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

పిన్ని నా వేళ్ల నలుపు చూసింది. "పగులెక్కడుందో తెలిసినదాన్ని, నాక్కూడా కనపళ్లేదే," అంది. "అంత శుభ్రంగా పుయ్యడం నేనే కదా నీకు నేర్పాను."